ఆయుధాల మీద రీసెర్చ్ చెయ్యాలని ఉంది అక్కా, మిర్యాలగూడ నుంచి అయితదా?

ఈసారి వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్న:

"అక్కా నమస్తే. పేరు వెయ్యకండి ప్లీజ్. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీల ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ అయిపోయింది, 24 ఏండ్లు. మా నాన్న రైస్ మిల్లుల గుమస్తా, సీజన్‌ల నేను కూడా పోయి లెక్కల బుక్కు రాస్తుంటా. ఎం.ఏ.ల ఉన్నప్పటి నుంచి ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ మీద మస్తు ఇంట్రెస్ట్. జెనీవాల యునిడిర్ అనే ఐక్యరాజ్యసమితి రీసెర్చ్ సంస్థ ఉంది గదా, అసువంటి దాంట్ల కన్వెన్షనల్ ఆయుధాల మీద కెరీర్ మొదట్ల ఉన్నోళ్లకు ఉండే రీసెర్చ్ ఉద్యోగం చెయ్యాలని ఉంది. ఇంట్ల చెప్తే నాన్న గ్రూప్-2 చదువుకో అంటున్నడు. మా బావ హైదరాబాద్‌ల మిసైల్ పార్టులు చేసే కంపెనీల పనిచేస్తడు, ఆయన 'పక్క దేశాలు గన్నులు పట్టుకొని నిలబడితే నువ్వు మనల్ని ఆయుధాలు దించమంటావా' అని నవ్వుతున్నడు. పైగా ఇండియా ఆ ఒప్పందాలల్ల సంతకమే పెట్టలేదట గదా, మరి మనోళ్లను ఎవరు తీసుకుంటరు? ఒక కన్సల్టెన్సీ వాళ్లు యూరప్‌ల మాస్టర్స్ చేస్తే యూఎన్‌ల జాబ్ గ్యారంటీ, మొత్తం 30 లక్షలు అయితది అంటున్నరు. రెండెకరాలు ఉన్నయి, అవి పెట్టి లోన్ తీసుకోవచ్చు. ఏం చెయ్యాలె?"

చెల్లె, ముందుగాల సూటిగ చెప్త. ఉద్యోగం పడ్డప్పుడు అప్లై చెయ్యి. లోన్ తీసుకోకు.

చోటుంటదా అంటే ఉంటది, కానీ మొదటిసారికే వస్తదని ఆశ పెట్టుకొని కూసోకు, ఎందుకంటే ఇసువంటి పోస్టు ఒకటి పడితే ప్రపంచం నలుమూలల నుంచి అప్లికేషన్లు పోతయి, అందుల చానామంది జెనీవాలనో లండన్‌లనో మాస్టర్స్ చేసి, ఒకటి రెండు ఇంటర్న్‌షిప్పులు చేసి వచ్చినోళ్లే. నువ్వు వాళ్లకంటే తెలివి తక్కువదానివని కాదు, వాళ్ల దగ్గర చూపించుకోనీకి రాసిన పని ఉన్నది, నీ దగ్గర ఇంక లేదు. ఆ పని నువ్వు మీ ఇంట్ల కూసోని తయారు చేసుకోవచ్చు, దానికి రెండెకరాలు తాకట్టు పెట్టే అవసరం లేదు. నేను ఢిల్లీల కొన్నేండ్లు ఈ ఫీల్డ్‌ల పనిచేసిన, కొత్తగ చేరేటోళ్ల అప్లికేషన్లు చదివిన, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

అసలు ఈ ఉద్యోగంల ఏం చేస్తరో చానామందికి తెల్వదు, బయటి నుంచి చూస్తే పెద్ద పెద్ద హాళ్లు, దేశాల జెండాలు, చెవులకు ఇయర్‌ఫోన్లు కనిపిస్తయి. అణు, రసాయన, జీవ ఆయుధాలు పక్కన పెడితే మిగిలినయన్నీ కన్వెన్షనల్ కిందికే వస్తయి, పిస్టల్ నుంచి మొదలువెడితే తూటా, మందుపాతర, ఫిరంగి, యుద్ధ ట్యాంకు, ఫైటర్ విమానం, యుద్ధనౌక దాంక. అణుబాంబు గురించి అందరు మాట్లాడుతరు గానీ రోజూ మనుషులు సచ్చేది వీటితోనే. స్మాల్ ఆర్మ్స్ సర్వే అని జెనీవాలనే ఒక సంస్థ ఉన్నది, 2017 చివరికి ప్రపంచంల 100 కోట్లకు పైగా తుపాకులు ఉన్నయని, అందుల 85 కోట్లకు పైగా మామూలు జనం చేతులనే ఉన్నయని వాళ్ల అంచనా. మరి ఇన్ని తుపాకులు ఎక్కడ తయారైనయి, ఎవరు ఎవరికి అమ్మిండ్రు, ఎక్కడ దారి తప్పినయి అని వెతికేటోళ్లు కావాలె గదా, ఆ వెతుకులాటనే ఈ ఉద్యోగం.

దారి తప్పడం అంటే నీకు ఎవరూ కొత్తగ చెప్పనక్కర్లేదు. రేషన్ బియ్యం గోదాం నుంచి సక్కగ కాగితాలతోనే బయల్దేరుతయి, లారీ నంబర్ ఉంటది, బస్తాల లెక్క ఉంటది, ఎక్కడికి పోవాల్నో రాసి ఉంటది, మధ్యల ఎక్కడనో మాయమై పాలిష్ పట్టి వేరే సంచిల మళ్లీ మార్కెట్‌ల తేలుతయి, మిర్యాలగూడ చుట్టుపక్కల పెరిగిన పిల్లవు, ఇసువంటి కేసులు పేపర్లల్ల ఎన్ని చదివినవో. (మీ నాన్న పనిచేసే మిల్లును అంటలేను, తప్పుగ అనుకోకు.) ఆయుధాల దారి తప్పుడు కూడ అచ్చం గిట్లనే నడుస్తది. కొనే దేశం 'ఇది మా సైన్యానికే, వేరేటోళ్లకు ఇయ్యం' అని ఎండ్ యూజర్ సర్టిఫికెట్ ఇస్తది, అమ్మే దేశం దాన్ని నమ్మి లైసెన్స్ ఇస్తది, ఓడ బయల్దేరుతది, ఆ తర్వాత మధ్యల బ్రోకర్ చెయ్యి పెట్టొచ్చు, సర్టిఫికెటే దొంగది కావచ్చు, సరుకు నిజంగ ఆ సైన్యానికి చేరినా కూడ ఒక సిపాయి అమ్ముకోవచ్చు, లేకుంటే ఆయుధాగారం మీద దాడి జరిగి ఎత్తుకపోవచ్చు. 2023ల మణిపూర్‌ల పోలీసుల ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు లూటీ అయినయి, అవి తిరిగి రాబట్టుకోనీకి ఎంత తిప్పలు పడుతున్నరో నువ్వు చూసే ఉంటవ్.

ఒక ఉదాహరణ చెప్త, ఇది నాకు ఎప్పుడూ మనసుల ఉంటది. కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అని బ్రిటన్ సంస్థ ఉన్నది, 2016 ఫిబ్రవరిల వాళ్లు ఒక రిపోర్ట్ ఇచ్చిండ్రు. ఇరాక్, సిరియాలల్ల ఐసిస్ వాళ్లు చేసిన బాంబులల్ల దొరికిన సామాన్లు, అంటే డిటొనేటర్లు, తీగలు, రసాయనాలు, సెల్‌ఫోన్లు, ఇవన్నీ ఒక్కొక్కటి పట్టుకొని దాని మీద ఉన్న నంబర్లు, ముద్రలు చూసి వెనక్కి వెనక్కి పోయిండ్రు. 20 దేశాలకు చెందిన 51 కంపెనీల దగ్గర తేలింది. అందుల 7 ఇండియా కంపెనీలు ఉన్నయి. వాటిల ఏ కంపెనీ కూడ ఐసిస్‌కు అమ్మలేదు, డిటొనేటర్లు, ఫ్యూజ్ తీగలు అన్నీ సర్కార్ లైసెన్స్ తీసుకొని చట్టప్రకారం లెబనాన్‌కు, టర్కీకి పంపిండ్రు, అక్కడి నుంచి దారి తప్పినయి. అవి గనులల్ల, క్వారీలల్ల బండలు పేల్చేటందుకు వాడే సామాన్లు, మన దిక్కు కూడ యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరుల అసువంటి పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ ఉన్నది, అక్కడ మన పిల్లలే పనిచేస్తరు. జెనీవాల మాట్లాడుకునే విషయం మనకు అంత దూరంది ఏం కాదని ఇది చదివినప్పుడల్లా అనిపిస్తది నాకు.

ఇగ కెరీర్ మొదట్ల చేరిన రీసెర్చర్ రోజూ చేసే పని. దేశాలు ఐక్యరాజ్యసమితికి పంపే రిపోర్టులు చదవాలె, వందల పేజీలు, అందుల ఏ దేశం ఏం రాసింది, ఏం రాయలేదు అని ఎక్సెల్‌ల ఎక్కించాలె. సీనియర్ రాసే పేపర్‌కు ముందు ఎవరెవరు ఏం రాసిండ్రో కూడబెట్టాలె, మీటింగులల్ల కూసోని నోట్స్ రాయాలె, ఇంటర్వ్యూలు రికార్డ్ చేసి టైప్ చెయ్యాలె, ఫుట్‌నోట్లు ఒక్కొక్కటి తెరిచి నిజంగ ఆ పేజీల ఆ మాట ఉన్నదా లేదా చూడాలె. చానామంది మొదటి ఆర్నెల్లల్ల విసుగొచ్చి పోయేది ఈ పని కాడనే. బుక్కుల ఒక అంకె కలవకపోతే రాత్రి నిద్ర పట్టని మనిషి ఈ పనిల నిలబడతది, నువ్వు లెక్కల బుక్కు రాస్త అన్నవు చూడు, ఉత్తరంల నువ్వు ఊరికే అన్న మాటనే అది, నాకైతే నీ ఎం.ఏ. కంటే ఆ మాటనే ఎక్కువ నచ్చింది.

చూడనీకి సప్పగ ఉండే సబ్జెక్టులే ఇక్కడ ప్రాణాల మీదియి. మందుగుండు నిల్వ చేసుడు తీసుకో. 2016 మే 31న మహారాష్ట్రల పుల్గావ్ ఆర్మీ మందుగుండు డిపోల నిప్పంటుకొని పదిమందికి పైగా చనిపోయిండ్రు, ఆఫీసర్లు, జవాన్లు, ఫైర్ సిబ్బంది. 2012 మార్చిల కాంగో రాజధాని బ్రజావిల్‌ల డిపో పేలితే చుట్టుపక్కల బస్తీలే కూలినయి, వందల మంది పోయిండ్రు. పాత తూటాలు, పాత గుండ్లు ఎట్ల దాచాలె, ఎంత దూరంల దాచాలె, ఎప్పుడు పారెయ్యాలె, ఎవరు లెక్కపెట్టాలె అనేదాని మీద ఎన్నో ఏండ్ల నుంచి మాట్లాడుకొని మాట్లాడుకొని 2023 డిసెంబర్‌ల ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఒక గ్లోబల్ ఫ్రేమ్‌వర్క్‌కు ఒప్పుకున్నది, అది కాగితం మీద ఉన్నది, ఇప్పుడు దాన్ని దేశాలు ఎట్ల అమలు చేస్తున్నయో చూసి రాసే మనుషులు చాలా తక్కువ. అందరు డ్రోన్ల మీద, ఏఐ ఆయుధాల మీద రాస్త అంటరు. నువ్వు తూటాల గోదాముల మీద రాస్త అంటే నీ అప్లికేషన్ ఇంకోసారి చదువుతరు.

ఇప్పుడు మీ బావ మాట. ఆయన అడిగింది తప్పేం కాదు, ఇంట్ల ఒకరు అడగాల్సిన ప్రశ్ననే. సిప్రి అని స్టాక్‌హోమ్‌ల 1966 నుంచి ఉన్న శాంతి పరిశోధన సంస్థ లెక్కలు చూస్తే ప్రపంచంల బయటి నుంచి ఎక్కువ ఆయుధాలు కొనే దేశాలల్ల మనం మొదటి రెండు మూడు స్థానాలల్లనే ఉంటున్నం, మనకు సరిహద్దులు అసువంటియి, దాన్ని ఎవరూ కాదనరు. ఈ ఫీల్డ్‌ల పనిచేసేటోళ్లు సైన్యాలను రద్దు చెయ్యమని అడుగుతలేరు, ఆయుధం ఎవరి చేతుల ఉండాల్నో వాళ్ల చేతులనే ఉన్నదా అని చూస్తరు, యుద్ధంల లేని రైతు కాలు పోకుండ ఏం చెయ్యొచ్చో చూస్తరు. 2001 డిసెంబర్‌ల పార్లమెంట్ మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ టైంల మన సైన్యం పంజాబ్, రాజస్థాన్, జమ్మూ సరిహద్దు పొలాలల్ల మందుపాతరలు పెట్టింది, యుద్ధమైతే కాలేదు గానీ వాటిని పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మన జవాన్లే చనిపోయిండ్రు, రైతులు తమ పొలాలల్లకు పోలేకపోయిండ్రు. మీ బావకు ఇది చెప్పు. ఇంకొకటి కూడ చెప్పు, మనం ఇప్పుడు కొనుడే కాదు అమ్ముతున్నం కూడ, 2022ల ఫిలిప్పీన్స్‌తో బ్రహ్మోస్ మిసైళ్ల ఒప్పందం అయ్యింది, 2024 ఏప్రిల్‌ల మొదటి సరుకు పోయింది. అమ్మే దేశం అయినంక మన సరుకు రేపు ఎవరి చేతికి పోతదో చూసుకునే బాధ్యత మన మీద పడుతది, ఆయన చేసే పార్టు మీద కూడ.

కానీ చెల్లె, ఒక్కటి మాత్రం గట్టిగ యాదుంచుకో. మీ బావను ఆయన కంపెనీ లోపలి ముచ్చట ఒక్కటి కూడ అడగకు, ఎంత తయారు చేస్తరు, ఎవరికి పంపుతరు, ఏదీ వద్దు. అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ ఉన్నది, ఆయన ఉద్యోగం పోతది, నీ మీద కేసు అయితది. ఫ్యాక్టరీల దగ్గర, డిపోల దగ్గర ఫోటోలు దిగుడు, వీడియోలు తీసుడు కూడ వద్దు. ఈ ఫీల్డ్‌ల మంచి పనంతా పబ్లిక్‌ల ఉన్న కాగితాలతోనే అయితది.

సంతకాల సంగతి. ఆయుధ వ్యాపార ఒప్పందం 2013 ఏప్రిల్ 2న జనరల్ అసెంబ్లీల ఓటుకొచ్చింది, 150కి పైగా దేశాలు సరే అన్నయి, ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా వద్దన్నయి, మనం ఎటూ ఓటెయ్యలేదు. ఎందుకంటే ఎగుమతి చేసే దేశాలకు పెత్తనం ఎక్కువైంది, కొనే దేశాలను ఇరుకున పెడుతది, టెర్రరిస్టులకు ఆయుధాలు పోకుండ గట్టి మాట లేదు అని మన వాదన. 1997 మందుపాతరల నిషేధంల లేము, 2008 క్లస్టర్ బాంబుల నిషేధంల లేము. ఇంతవరకు చదివితే నీకు నిరాశ అనిపిస్తది. కానీ 1980 నాటి కొన్ని కన్వెన్షనల్ ఆయుధాల ఒప్పందం ఉన్నది, దాని ఐదు ప్రోటోకాల్స్‌ల మనం ఉన్నం, దాని కిందనే మనిషి లేకుండ తమంతట తామే గురిచూసే ఆయుధాల మీద 2017, 2018ల జెనీవాల జరిగిన నిపుణుల చర్చలకు మన రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్ అధ్యక్షుడు. 2017 డిసెంబర్‌ల వాసెనార్ గ్రూపుల చేరినం, అది ఆయుధాలు, రెండు దిక్కుల పనికొచ్చే టెక్నాలజీ ఎగుమతుల మీద నిఘా పెట్టే గుంపు. అంటే కొన్ని బల్లల కాడ మనం ఉన్నం, కొన్నింటి కాడ లేము. ఎందుకు లేమో లోపలికెళ్లి అర్థం చేసుకొని బయటోళ్లకు చెప్పగలిగే ఇండియా రీసెర్చర్‌కు అందుకే విలువ ఉంటది, ఇక ఉద్యోగంల నీ పాస్‌పోర్ట్ చూస్తరు గానీ నీ దేశం ఓటు చూడరు. పైగా సంతకం పెట్టినోళ్లు కూడ వెనక్కి పోతున్న కాలం ఇది, 2025ల లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలాండ్ రష్యా భయంతోని మందుపాతరల నిషేధం నుంచి బయటికి పోతున్నమని చెప్పేసినయి. కష్టకాలంల ఈ ఫీల్డ్‌లకు వస్తున్నవు, అది తెలుసుకోనే రా.

నిజం చెప్పాలంటే ఆయుధాలు దించే ప్రశ్న మన దిక్కుకు చానా పాతది. సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌ల ఆపినప్పుడు నల్గొండ ఊర్లల్ల తుపాకీ ఇచ్చేసినోనికి రేపు ఎవరు దిక్కు అనే భయం ఉండె, మా తాత తరం వాళ్ల నోట విన్న మాట అది. 2004 అక్టోబర్‌ల హైదరాబాద్‌ల సర్కార్‌కు, నక్సలైట్లకు చర్చలైనయి, ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక వాళ్లు ఎన్నో ఏండ్లు తిరిగి తిరిగి తెచ్చిన చర్చలు అవి. ఆయుధాలు పట్టుకొని ఊర్లల్ల తిరగొద్దని సర్కార్, దించేది లేదని వాళ్లు, ఆ ముడి విడలేదు, 2005 జనవరికల్లా అంతా చెడింది. అదే ఏడాది ఆగస్టు 15న నారాయణపేటల మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపిండ్రు, రెండొద్దులకు వాళ్ల మీద మళ్లీ నిషేధం వచ్చింది, నల్లమల చుట్టుపక్కల ఊర్లు రెండు దిక్కుల నుంచి నలిగినయి. సరిగ్గ ఆ తర్వాతి ఏడాది, 2006 నవంబర్‌ల నేపాల్‌ల ఏం ఒప్పందం చేసుకున్నరో చూడు, దాని ప్రకారం మావోయిస్టుల తుపాకులు కంటైనర్లల్ల పెట్టి తాళమేసిండ్రు, తాళంచెవి మావోయిస్టుల దగ్గరనే ఉంచిండ్రు, ఐక్యరాజ్యసమితి వాళ్లు కాపలా చూసిండ్రు. తుపాకీ ఎవ్వరికీ అప్పజెప్పినట్టు కాలే, ఎవ్వరి చేతిల ఉన్నట్టు కూడ కాలే. మనకాడ ఆ మధ్యదారి ఎందుకు దొరకలేదు? దీని మీద పాలమూరు, నల్గొండ మనుషులను కలిసి, అప్పటి తెలుగు పేపర్లు చదివి రాయగలిగేటోళ్లు జెనీవాల ఎవరున్నరు చెప్పు. నీకు తెలుగు వచ్చు, ఉర్దూ వినొస్తది, ఊర్లు తెలుసు.

ఇక ఏం చెయ్యాల్నో. ఇంగ్లీష్‌ల ఒక 1500 పదాల పేపర్ రాయి, ఒక్కటే, బాగ. ఐక్యరాజ్యసమితి కన్వెన్షనల్ ఆయుధాల రిజిస్టర్ అని 1991ల పెట్టిండ్రు, ట్యాంకులు, యుద్ధ విమానాలు, మిసైళ్లు గిట్ల ఏడు రకాలల్ల ఏం కొన్నం ఏం అమ్మినం అని దేశాలను ఏడాదికొకసారి రాయమని అడుగుతరు, అది ఆన్‌లైన్‌ల ఉచితంగ ఉంటది. సిప్రి డేటాబేస్ కూడ ఉచితమే. ఒకే ఏడాదికి అమ్మిన దేశం రాసిన లెక్క, కొన్న దేశం రాసిన లెక్క, సిప్రి లెక్క, మూడు పక్కపక్కన పెట్టి ఎక్కడ కలుస్తలేవో చూడు. కలవకపోతే ఎవరో అబద్ధం చెప్పిండ్రని ఉరకకు. మన 36 రఫేల్ విమానాలే తీసుకో, మొదటిది ఫ్రాన్స్‌ల అప్పజెప్పింది 2019 అక్టోబర్‌ల, మొదటి ఐదు అంబాలాల దిగింది 2020 జులైల. ఏ ఏడాది లెక్కల రాయాలె? ఇసువంటి ప్రశ్నను పట్టుకొని ఓపికగ విడదీసిన పేపర్ ఒక్కటి ఉంటే ఇంటర్వ్యూల నువ్వు మాట్లాడనీకి గంట సరిపోదు.

ఊర్ల విషయం మీద రాయాలనుకుంటే అది కూడ ఉన్నది. ప్రతి ఎన్నికల ముందు లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌ల డిపాజిట్ చెయ్యమంటరు గదా, 2019ల ఆయుధాల చట్టం మార్చి ఒక మనిషి దగ్గర మూడు తుపాకుల బదులు రెండే ఉండాలన్నరు. ఉమ్మడి నల్గొండ జిల్లాల ఎన్ని లైసెన్సులు, ఎన్ని డిపాజిట్ అయినయి, మూడో తుపాకీ ఇచ్చేసిండ్రా, ఆర్టీఐ పెట్టి అడుగు, పది రూపాయల ఫీజు. పేర్లు, అడ్రస్‌లు అడగకు, ఇయ్యరు, అడగొద్దు కూడ. అంకెలు అడుగు. కొన్ని ఇస్తరు, కొన్ని కుదరదంటరు, కుదరదన్న జవాబు కూడ దాచిపెట్టుకో, అది కూడ పేపర్‌ల పనికొస్తది.

భాష మీద కొంచెం పైసలు పెట్టు, లోన్ పైసలతోని పోలిస్తే చానా తక్కువ. హైదరాబాద్‌ల ఇఫ్లూ అనే భాషల యూనివర్సిటీల ఫ్రెంచ్, అరబిక్, రష్యన్, స్పానిష్ అన్నీ చెప్తరు. అందరు ఫ్రెంచ్ అంటరు, జెనీవాకు అది మంచిదే, కానీ మీ ఇంటి చుట్టుపక్కల ఉర్దూ చదవనొచ్చినోళ్లు ఉంటే ముందు ఆ లిపి నేర్చుకొని అరబిక్‌ల పడు, మందుగుండు, చిన్న ఆయుధాల పని చానా అరబిక్ మాట్లాడే దేశాల చుట్టే తిరుగుతున్నది. ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ ఆఫీస్ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, చెయ్యి, కానీ సర్టిఫికెట్లు పోగేసుకుంట కూసోకు.

చదువు ఇంకొకటి కావాలనుకుంటే ఢిల్లీ జేఎన్‌యూల నిరాయుధీకరణ పేరు పెట్టుకొనే ఒక సెంటర్ ఉన్నది, సీఐపీఓడీ అంటరు, పీహెచ్‌డీ అక్కడ చెయ్యొచ్చు, ఫీజు మన యూనివర్సిటీల లెక్కనే ఉంటది. ఢిల్లీలనే 1965 నుంచి రక్షణ విషయాల రీసెర్చ్ సంస్థ ఐడీఎస్‌ఏ ఉన్నది, ఇప్పుడు మనోహర్ పారికర్ పేరు పెట్టిండ్రు, అక్కడ ఇంటర్న్‌షిప్‌కు, రీసెర్చ్ అసిస్టెంట్‌కు చూసుకో. 2004ల బీనాలక్ష్మి నెప్రమ్ గారు మొదలువెట్టిన కంట్రోల్ ఆర్మ్స్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పని కూడ చదువు, తుపాకులు ఇంట్ల మగమనిషిని తీసుకపోతే మిగిలిన ఆడోళ్ల గతి ఏందని మణిపూర్‌ల కూడ ఆమె పనిచేసిండ్రు. విదేశాల్లనే చదవాలంటే యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్, కొంచెం ఉద్యోగ అనుభవం వచ్చినంక బ్రిటన్ సర్కార్ చీవెనింగ్, ఇవి ఖర్చంతా పెట్టుకునే స్కాలర్‌షిప్పులు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు మన రాష్ట్ర ఓవర్సీస్ స్కీములు ఉన్నయి, నువ్వు వాటి కిందికి వస్తే ఏ దేశాలకు ఇస్తరో లిస్ట్ ముందే చూసుకో.

ఆ కన్సల్టెన్సీ నంబర్ బ్లాక్ చెయ్యి. ఐక్యరాజ్యసమితి అప్లికేషన్‌కు, ఇంటర్వ్యూకు, ట్రైనింగ్‌కు, దేనికీ ఫీజు తీసుకోదు, ఎవడైనా గ్యారంటీ అన్నడంటే వాడు అబద్ధం ఆడుతున్నడు. యూఎన్ ఇంటర్న్‌షిప్పులకు చానా మటుకు జీతం కూడ ఉండదు, జెనీవాల రూమ్ కిరాయి మామూలు ఇంటి పిల్లలు మోసేది కాదు. ఈ ఉద్యోగాలు కూడ చానా మటుకు ఆర్నెల్లు, ఏడాది కాంట్రాక్టులు, యునిడిర్ లాంటివి ఎక్కువ మటుకు దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాల మీదనే నడుస్తయి, 2025 నుంచి యూఎన్‌ల పైసల కటకట ఎంతున్నదో రోజూ వార్తలల్ల వస్తనే ఉన్నది. అట్ల ఉన్నప్పుడు రెండెకరాల మీద అప్పు చేసి పోతే కాంట్రాక్ట్ అయిపోయిన రోజు నుంచి నీకు నిద్ర ఉండదు, మీ నాన్నకూ ఉండదు.

నాన్న గ్రూప్-2 అంటున్నడంటే ఆయన అడిగేది నెలకు జీతం వచ్చే పని, దానికి ఆయన మీద కోపం తెచ్చుకోకు. గ్రూప్స్ చదువుకుంటనే ఈ పేపర్ రాయొచ్చు. ఇంక పెద్దగ చూస్తే యూపీఎస్సీ రాసి ఫారిన్ సర్వీస్‌లకు పోయినోళ్లే విదేశాంగ శాఖల డిసార్మమెంట్ డివిజన్‌ల కూసుంటరు, జెనీవాల నిరాయుధీకరణ సమావేశానికి మన దేశానికి వేరేగ ఒక మిషనే ఉన్నది. యూఎన్ యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్ష కూడ 32 ఏండ్ల దాంక రాయొచ్చు, మన దేశం లిస్టుల ఉన్న ఏడాది చూసుకొని. చానామందికి తెల్వని దారి ఇంకొకటి హైదరాబాద్‌లనే ఉన్నది, డిఫెన్స్, ఏరోస్పేస్ కంపెనీలు ఎగుమతి చెయ్యాలంటే స్కోమెట్ లిస్ట్ (పర్మిషన్ లేకుండ బయటికి పంపొద్దన్న వస్తువుల లిస్ట్) ప్రకారం విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ పర్మిషన్లు కావాలె, ఆయుధాలైతే రక్షణ ఉత్పత్తుల శాఖ లైసెన్స్ కావాలె, ఎండ్ యూజర్ సర్టిఫికెట్లు చూసుకునే ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ మనుషులు వాళ్లకు కావాలె. అక్కడ రెండేండ్లు చేస్తే లైసెన్స్ కాగితం లోపలి నుంచి ఎట్లుంటదో నీకు తెలుస్తది, జెనీవాల చానామంది రీసెర్చర్లు దాన్ని బయటి నుంచి చదివినోళ్లే. నెల జీతం వస్తది, నాన్న కూడ ఒప్పుకుంటడు. నేనైతే నీకు మొదలు ఈ దారే చెప్త.

ఈ పనిల బాధ కూడ ఉంటది. కాళ్లు పోయిన పిల్లల ఫోటోలు, సచ్చిపోయినోళ్ల లిస్టులు రోజూ చూడాల్సి వస్తది. ఒక్కదానివే రాత్రిపూట గదిల కూసోని అవి చూడకు, పగటి పూట చెయ్యి, పక్కన మాట్లాడే మనిషిని పెట్టుకో.

అప్లై చేసేటప్పుడు కవర్ లెటర్‌ల 'చిన్నప్పటి నుంచి ప్రపంచ శాంతి నా కల' అని మొదలువెట్టకు, అందరు అదే రాస్తరు. రైస్ మిల్లుల స్టాక్ బుక్కు రాసిన, లారీ లెక్కకు గోదాం లెక్కకు తేడా ఎట్ల పట్టాల్నో తెలుసు, అదే కన్నుతోని ఆయుధ రిజిస్టర్ చదివి ఈ పేపర్ రాసిన అని రాసి ఆ పేపర్ జత చెయ్యి. రిఫరెన్స్‌కు మీ యూనివర్సిటీల నీ రాత చదివిన సార్‌నో మేడమ్‌నో ఇద్దరిని ముందే అడిగి పెట్టుకో, వాళ్ల ఈమెయిల్ పనిచేస్తున్నదో లేదో చూసుకో. పాస్‌పోర్ట్ లేకుంటే నల్గొండ పోస్టాఫీస్ కేంద్రంల ఈ నెలలనే అప్లై చెయ్యి. సీవీ రెండు పేజీలు దాటనియ్యకు. డెడ్‌లైన్ ఏ టైం ప్రకారమో నోటీసుల చూసుకో, జెనీవా టైం అయితే చలికాలంల మనకంటే నాలుగున్నర గంటలు, ఎండాకాలంల మూడున్నర గంటలు వెనక, అయినా ఆఖరి రోజు దాంక ఆగకు, సైట్ మొరాయిస్తది, ఒకరోజు ముందే పంపెయ్యి.